నదికి ఎన్ని కొలబద్దలు కావలెను?

భవానీపురము రేవు మెట్లపై సాయంకాలము కూర్చున్నవానికి కృష్ణ నదివలె గాక పెద్ద చెరువువలె కనిపించును. దిగువను ప్రకాశం బ్యారేజి నీటిని నిలిపియుంచుటచేత ఇచ్చట ప్రవాహము మందగించినది. ఎదుట భవానీ ద్వీపపు చెట్లు, వాని నీడలు, ఒకటి రెండు పడవలు. నీరు పారుచున్నదని చెప్పుటకు ఒక పూలదండయో, కొబ్బరిచిప్పయో మెల్లగా తూర్పునకు జరుగుచుండుట తప్ప వేరు సాక్ష్యము లేదు.

అట్టి యొక సాయంకాలము ఉన్నత పాఠశాల పిల్లలను కొందరిని వెంటబెట్టుకొని నేను ఆ రేవునకు పోయితిని. వారు ఒక వెదురు బద్దపై సున్నముతో గీతలు గీసి తెచ్చి, మోకాటిలోతు నీటిలో పాతి, నీటిమట్టము ఏ గీతవద్ద నున్నదో నోటుపుస్తకములో వ్రాసికొనిరి. పని ముగిసినదనుకొనుచుండగా ఒక కుఱ్ఱవాడు బద్దవంక చూచుచు అడిగినాడు: “మాస్టారూ, ఈ కర్ర ఇక్కడి సంగతే చెబుతుంది. నది మొత్తం సంగతి తెలియాలంటే ఎన్ని కర్రలు పాతాలండీ?”

ప్రక్కవాడు నవ్వి, “ఎన్ని చోట్లుంటే అన్ని!” అన్నాడు.

“చోట్లకి లెక్కేముందిరా?”

నేను వెంటనే సమాధానము చెప్పలేకపోయితిని. ఇది ఊసుపోక వేసిన ప్రశ్న కాదు. ఆ పిల్లలు 2024 సెప్టెంబరు మొదటి దినములను చూచినవారు. బ్యారేజివద్ద సెకనుకు 11 లక్షల ఘనపుటడుగులకు పైగా నీరు పోయినది. మరియొక వైపున బుడమేరు గట్లు తెగి నగరములోని పేటలను ముంచినది. నీరు ఎక్కడ ఎంత ఉన్నదో, రేపటికి ఎంత కానున్నదో తెలియుట ఎంత అవసరమో వారికి పుస్తకము చూచి తెలిసినది కాదు.

రెండవ బాలుని జవాబు తిరుగులేనిదిగా కనిపించును. నదిలో బిందువులు అనంతము. ఒక్కొక్క బిందువునకు ఒక్కొక్క మట్టము, ఒక్కొక్క వేగము. అనంతమైన దానిని తెలిసికొనుటకు అనంతమైన కొలతలు కావలెను గదా! కాని ఇరువదవ శతాబ్దపు గణితశాస్త్రజ్ఞులు ఈ ప్రశ్ననే పట్టుకొని, చాల సందర్భములలో ఆ జవాబు తప్పని నిరూపించినారు. కాలము కొంత గడచిన పిమ్మట, అనంతమని తోచినది పరిమితమైన కొన్ని సంఖ్యల అదుపులోనికి వచ్చును. అది ఎట్లో, ఎంతవరకో చెప్పుటయే ఈ వ్యాసము యొక్క పని.

ఇనుప కడ్డీ చెప్పిన పాఠము

నదికంటె సులభమైన వస్తువుతో ఆరంభింతము. ఒక మీటరు పొడవు గల ఇనుప కడ్డీని తీసికొని అక్కడక్కడ ఇష్టమువచ్చినట్లు వేడిచేసితిమనుకొందము. ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ, మధ్య మధ్య చల్లని భాగములు. ప్రక్కలనుండి వేడి పోకుండ కడ్డీని చక్కగా కప్పి, రెండు కొనలను మాత్రము ఒకే చల్లదనము గల పారు నీటిలో ఉంచితిమి. ఇప్పుడు ఆ కడ్డీ స్థితిని వర్ణింపుమన్నచో, ప్రతి బిందువువద్దను ఉష్ణోగ్రత చెప్పవలెను. అనగా మొదటి క్షణములో మన రెండవ బాలుడు చెప్పినదే నిజము, సంఖ్యలు అనంతము.

ఫ్రాన్సు దేశస్థుడైన జోసెఫ్ ఫూరియే 1807లో అచ్చటి విద్వత్సభకు సమర్పించి, 1822లో గ్రంథముగా ప్రకటించిన ఉష్ణ సిద్ధాంతము ఇచ్చట మనకు దారి చూపును. వీణ తంత్రిని తలంచుకొనుడు. మీటినప్పుడు తంత్రి మొత్తము ఒకే ఉబ్బుగా ఊగవచ్చును. మధ్యను నిలిచి రెండు ఉబ్బులుగా ఊగవచ్చును. మూడుగా, నాలుగుగా కూడ ఊగవచ్చును. తంత్రి ఆకారము ఎంత వంకరటింకరగా నున్నను, అది ఈ రూపముల కలయికయే. కడ్డీలోని వేడి పంపకము కూడ అట్లే ఒక ఉబ్బు గల రూపము కొంత, రెండు ఉబ్బుల రూపము కొంత, మూడింటిది కొంత కలిసి ఏర్పడినదని ఫూరియే చెప్పెను. బిందువులకు బదులు రూపములను లెక్కించితిమి. సంఖ్యలు ఇంకను అనంతమే. కాని ఇప్పుడు అవి వరుసలో నిలుచున్నవి.

ఈ వరుసలో ఒక గొప్ప న్యాయమున్నది. రెండవ రూపము మొదటిదానికంటె నాలుగు రెట్లు వేగముగ చల్లారును. మూడవది తొమ్మిది రెట్లు. పదవది నూరు రెట్లు. రూపము యొక్క సంఖ్యకు వర్గమెంతయో చల్లారు వేగము అంత. కారణము కష్టమైనది కాదు. ఉబ్బులు ఎక్కువైనకొద్దీ వేడి భాగమును చల్లని భాగమును ఒకదానికొకటి చేరువగును. దూరము సగమైనచో వేడి దానిని దాటుటకు కావలసిన కాలము నాలుగవ వంతగును.

లెక్క కట్టి చూతము. మన మీటరు కడ్డీలో మొదటి రూపము సగమగుటకు సుమారు 50 నిమిషములు పట్టును. ఆ 50 నిమిషములలోనే రెండవ రూపము 16వ వంతునకు, మూడవది 512వ వంతునకు, నాలుగవది 65,536వ వంతునకు దిగిపోవును. ఐదవది మూడు కోట్లలో ఒక వంతు కూడ మిగులదు. కడ్డీని మీరు ఎట్లు కాల్చినను, ఏ బొమ్మ దానిపై వేడితో వ్రాసినను, ఒక గంట గడచునప్పటికి దానియందు మిగులునది దాదాపు ఒకే ఉబ్బు. దానిని తెలిసికొనుటకు ఒకే సంఖ్య చాలును. కడ్డీ నడుమ ఒక్క ఉష్ణమాపకముంచినచో ఆ సంఖ్య దొరకును.

అనంతము ఒకటైనది! ఉపాధ్యాయులు తరగతిలో ఘాతాంకముల పాఠము చెప్పునప్పుడు రెండునకు వర్గముల ఘాతములు వేయించి ఈ లెక్కను చూపవచ్చును. సంఖ్యలు ఇంత వేగముగా అణగిపోవుట పిల్లలు తమ చేతితో చేసి చూచినప్పుడే నమ్ముదురు.

వేడి, సిరా చుక్క, వాసన మొదలైనవి ఇట్లు వ్యాపించుటను తెలుపు సమీకరణములకు పరావలయ పాక్షిక అవకలన సమీకరణములని పేరు. శాంకవములలో దీర్ఘవృత్తము, పరావలయము, అతిపరావలయము అను మూడు జాతులున్నట్లే ఈ సమీకరణములందును మూడు జాతులున్నవి. వాని రూపసాదృశ్యమును బట్టి ఆ పేర్లు వచ్చినవి. తంత్రిలోని అల అతిపరావలయ జాతిది. ఆదర్శమైన తంత్రి తన సూక్ష్మ వివరమును మరువక అటునిటు మోయుచుండును. పరావలయ జాతికి మాత్రము మరచిపోవుట స్వభావము. చిన్న వివరమును ముందు, పెద్ద వివరమును తరువాత మరచును.

నేల మరచినది, గుర్తుంచుకొన్నది

కడ్డీ చల్లారి ఊరకుండును. కాని లోకములో వస్తువులకు అట్టి విశ్రాంతి లేదు. బయటినుండి ఏదో ఒక ప్రేరణ తగులుచునే యుండును. వేసవిలో మన డెల్టా నేలను చూడుడు. పగలు ఎండ, రాత్రి చల్లదనము, మరల పగలు. ఈ దినతరంగము నేలలోనికి దిగుచు, సాధారణమైన తడి మట్టిలో సుమారు 12 సెంటీమీటర్లకొకసారి మూడవ వంతునకు కొంచెము ఎక్కువగా మిగులుచు క్షీణించును. అర మీటరు లోతునకు పోవునప్పటికి పగలు రాత్రి భేదము డెబ్బదవ వంతు మాత్రమే నిలుచును. ఏడాది తరంగమో, 365 యొక్క వర్గమూలము సుమారు 19 కావున, అంతకు 19 రెట్లు లోతునకు, అనగా రెండు మీటర్లకు పైగా అంతే బలముతో దిగును.

అందువలననే నూతినీరు మాఘమాసపు వేకువను గోరువెచ్చగా తోచును. లోతున ఉన్న మట్టికి నిన్నటి ఎండ తెలియదు. ఋతువు మాత్రము తెలియును. ఆ నేల వెయ్యేండ్ల క్రిందట ఏ ఉష్ణోగ్రతతో ఉండినదన్న ప్రశ్నకు నేడు అర్థమే లేదు. ఆదిస్థితి మరపునకు వచ్చినది. ప్రేరణ మాత్రమే నిలిచినది. దీర్ఘకాల ప్రవర్తనమనగా ఇదియే. ఎక్కడ ఆరంభించినను, తుదకు చేరునట్టి స్థితుల సముదాయము ఒకటి ఉండును. గణితశాస్త్రజ్ఞులు దానిని ఆకర్షకమందురు.

గుర్రపుడెక్క లెక్క

ఇక పెరుగుదలను కూడ చేర్చి చూతము. కృష్ణా కాలువలలో గుర్రపుడెక్కను ఎరుగని రైతు లేడు. అది రెండు పనులు చేయును: ఉన్నచోట పెరుగును, ప్రక్కచోటికి వ్యాపించును. పెరుగుటయు వ్యాపించుటయు కలిసిన సమీకరణమును 1937లో ఇంగ్లండులో ఫిషర్, అదే సంవత్సరమున రష్యాలో కొల్మొగోరోవ్, పెట్రోవ్‌స్కీ, పిస్కునోవ్ అనువారు వేరువేరుగా పరిశీలించిరి. నిజమైన కాలువలో గాలియు ప్రవాహమును కూడ డెక్కను నెట్టుకొనిపోవును. వానిని ఇప్పటికి ప్రక్కకు పెట్టుదము.

ఒక కాలువ తూము మొదలుకొని తూము వరకు గల భాగమును తీసికొని, రెండు కొనలవద్దను చేరిన డెక్కను ఎప్పటికప్పుడు తీసివేయుచున్నారనుకొందము. లోపల పెరుగుదల, కొనలవద్ద నష్టము. ఏది గెలుచును? 1951లో స్కెల్లమ్ అను శాస్త్రజ్ఞుడు ఈ లెక్క వేసినాడు. ప్రతి రూపమునకు పెరుగు వేగము ఒక్కటే. చచ్చు వేగము మాత్రము రూపసంఖ్య వర్గమును బట్టి హెచ్చును. అందువలన ఒక కీలకమైన పొడవు ఉన్నది. కాలువ భాగము అంతకంటె పొట్టిదైనచో ఏ రూపమును నిలువదు. డెక్క దానంతట అది నశించును. ఆ పొడవునకు మూడున్నర రెట్లున్నచో మొదటి మూడు రూపములు పెరుగును. నాలుగవది మొదలు తక్కినవన్నియు, అనంతమైనవన్నియు, వ్యాపనములో చిక్కి అణగును.

ఈ తగవులో మన సమస్య యొక్క మర్మమంతయు ఉన్నది. ఒక వైపున వస్తువును పెంచునది, కలచునది, నడిపించునది. మరియొక వైపున చదును చేయునది. నడిపించు బలమునకు ఎల్ల ఉన్నది. చదును చేయు బలము రూపము సూక్ష్మమైనకొద్దీ ఎల్ల లేక హెచ్చును. కావున ఎక్కడనో ఒకచోట రెండవది గెలిచి తీరును. గెలిచిన చోటికి ఈవల నున్న రూపములే స్వతంత్రములు, ఆవలివి పరతంత్రములు. ఈవలివి ఎప్పుడును పరిమితమే.

ఇదే కుటుంబములోని మరియొక సమీకరణమును 1974లో చేఫీ, ఇన్ఫాంటే అను ఇద్దరు తుదివరకు లెక్కించినారు. అందు మూడు రూపములు పెరుగు స్థితిలో, కాలాంతమున నిలువగల స్థిరస్థితులు సరిగా ఏడు. నాలుగు పెరిగినచో తొమ్మిది. అనంతమైన ఆరంభములు, వ్రేళ్ళపై లెక్కింపదగిన అంతములు.

ఇంత నిశ్చయముగా ఎట్లు చెప్పగలిగిరని విద్యార్థి అడుగవచ్చును. ఆ సమీకరణములలో పెక్కింటికి సూత్రరూపమైన సాధన లేదు. సాధన దొరకనప్పుడు దానికి హద్దులు కట్టుటయే మార్గము. “ఇది దీనిని మించదు” అని చెప్పు అసమానతలే అందుకు పనిముట్లు. ఈ విద్యకు కృషిచేసినవారిలో ఉస్మానియా విశ్వవిద్యాలయమున 1957లో డాక్టరేటు పొందిన వంగిపురం లక్ష్మీకాంతం ఒకరు. ఆయనయు శ్రీనివాస లీలయు కలిసి 1969లో అవకలన, సమాకలన అసమానతలపై రెండు సంపుటముల గ్రంథమును వెలువరించిరి. తెలియని పెద్ద వ్యవస్థను తెలిసిన చిన్న సమీకరణముతో సరిపోల్చి అదుపులో పెట్టు పద్ధతి అందులో ప్రధానమైనది. అరేఖీయ విశ్లేషణమునకు ప్రత్యేకించిన అంతర్జాతీయ పత్రికను 1976లో స్థాపించినవాడును ఆయనయే. పదవ తరగతిలో విసుగుగా తోచు అసమానతలు ఎంత దూరము పోగలవో దీనివలన తెలియును.

పులిచింతల నుండి బ్యారేజి వరకు

ఇప్పుడు నదికి వత్తము. పులిచింతల జలాశయము ప్రకాశం బ్యారేజికి సుమారు 85 కిలోమీటర్ల ఎగువను ఉన్నది. అచ్చట గేట్లు ఎత్తిన నీరు వరదతరంగముగా క్రిందికి దిగును. జపాను దేశపు హయామి 1951లో ఈ వరదతరంగమునకు చక్కని ఉపమానము చెప్పెను. అది నదిలో కదలుచు పోవు ఉష్ణతరంగము వంటిది. ముందుకు జరుగుటతోపాటు తనలో తాను వ్యాపించి పలుచనగుచుండును. సమీకరణము పరావలయ జాతిదే; కడ్డీకి ఉన్న న్యాయమే దీనికిని ఉన్నది.

దీని ఫలితము ఆలోచింపదగినది. ఎగువను కొద్ది నిమిషములపాటు గేట్లు ఎత్తి దించినందువలన కలిగిన చిన్న ఒడిదుడుకులు దారిలోనే చదునై మాయమగును. ఒక దినమంతయు సాగిన పెద్ద ఉబ్బు మాత్రము భవానీపురము మెట్లను వచ్చి తాకును. కావున వరద రాక తెలియుటకు ఎగువ నీటిని గజమునకొకచోట కొలువనక్కరలేదు. తగు దూరములలో, తగు సమయములలో కొలిచినచో చాలును. నదియే అనవసరమైన వివరమును తుడిచివేసి మనకు పని తగ్గించుచున్నది.

అయితే ఇందొక మెలిక ఉన్నది. నది మరచునది తన పాత వివరమును. క్రొత్తగా వచ్చి కలియు దానిని కాదు. పులిచింతలకు దిగువను మున్నేరు వచ్చి కృష్ణలో కలియుచున్నది. వెలగలేరు నుండి బుడమేరు మళ్ళింపు కాలువ బ్యారేజికి ఎగువనే కృష్ణను చేరుచున్నది. ఇవి ఒక్కొక్కటి ఒక్కొక్క క్రొత్త ప్రేరణ. పులిచింతలవద్ద ఎంత సూక్ష్మముగా కొలిచినను మున్నేటి వరద ఆ కొలతలో కనిపింపదు. కొలబద్దల సంఖ్య తక్కువ కావచ్చును గాని, ప్రేరణ ప్రవేశించు ప్రతిచోట ఒక కాపు ఉండి తీరవలెను. 2024లో మన పిల్లలు చూచిన ముంపు ఒక్క నది వలన కలిగినది కాదు గదా!

సుడులలోని లెక్క

వరదమట్టము సంగతి ఇంతవరకు తేలినది. కాని మా కుఱ్ఱవాడు “నది మొత్తం సంగతి” అన్నాడు. గేట్ల క్రింద నురుగులు గ్రక్కుచు తిరుగు సుడులు కూడ నదిలోనివే. అచ్చట కూడ పరిమితమైన సంఖ్యలు చాలునా?

1948లో ఎబర్‌హార్డ్ హోఫ్ ఒక సాహసమైన ఊహ చేసినాడు. ద్రవమునకు స్నిగ్ధత ఉన్నంతకాలము, దాని సంక్షోభ ప్రవాహము తుదకు పరిమిత పరిమాణములు గల ఒక తలముపైననే సంచరించును. స్నిగ్ధత తగ్గినకొద్దీ ఆ పరిమాణముల సంఖ్య పెరుగునేగాని అనంతము కాదు అని. స్నిగ్ధతయే ఇచ్చట వ్యాపనము చేయు పనిని చేయును. చిన్న సుడులను ముందు చంపును.

ఆ ఊహకు రుజువులు మెల్లగా వచ్చినవి. 1967లో ఫోయాష్, ప్రోది అనువారు సమతలములో పారు ద్రవమునకు కొన్ని పెద్ద రూపములు తెలిసినచో తక్కినవి కాలక్రమమున వానిచేతనే నిర్ణయింపబడునని నిరూపించిరి. 1972లో రష్యా విదుషి ఓల్గా లదీజెన్‌స్కాయా అట్టి ప్రవాహముల ఆకర్షకమును శోధించి, దానియందలి చలనమును పరిమిత రూపములచేత పట్టవచ్చునని చూపినది. 1979లో ఫోయాష్, తెమామ్ ఆ ఆకర్షకము యొక్క పరిమాణము పరిమితమని స్థాపించిరి.

తరువాత 1984లో ఆ ఇద్దరే మా రేవులోని ప్రశ్నకు నేరుగా సమాధానము చెప్పినారు. ఒకే బలములకు లోబడిన రెండు సమతల ప్రవాహములున్నవనుకొనుడు. తగినంత దట్టముగా నాటిన కొన్ని బిందువులవద్ద, కాలము గడచినకొద్దీ వాని వేగములు ఒక్కటగుచున్నచో, తక్కిన అన్ని బిందువులవద్ద కూడ అవి ఒక్కటి కాక తప్పదు. బిందువుల సంఖ్య పరిమితము. అనగా కొలబద్దలు కొన్ని చాలును. వాని మధ్య ఖాళీలలో నీరు మనలను మోసగింపజాలదు.

ఆ పిమ్మట 1985 నుండి 1988 వరకు ఫోయాష్, సెల్, తెమామ్ అను మువ్వురు ఇంకొక అడుగు వేసిరి. కొన్ని సమీకరణములలో సూక్ష్మ రూపములు అణగుట మాత్రమే కాదు, పెద్ద రూపములు ఎట్లున్నవో చెప్పినంతనే ఇవి ఎట్లున్నవో అచ్చముగా చెప్పవచ్చును. యజమాని కదలికనుబట్టి నీడ కదలినట్లు అవి వెంటబోవును. దీనికి వరుస రూపముల చచ్చు వేగముల మధ్య తగినంత ఎడముండవలెను. మన కడ్డీ వంటి ఏకపరిమాణ వస్తువులలో ఆ వేగములు 1, 4, 9, 16, 25. వాని భేదములు 3, 5, 7, 9 అని బేసి సంఖ్యలై పెరుగుచు పోవును. ఎడమునకు కొదువలేదు. బాలశిక్ష గణితములోని ఈ చిన్న విషయమే ఆ పెద్ద సిద్ధాంతమును నిలబెట్టుచున్నది.

మూడు హెచ్చరికలు

ఇంత చెప్పిన తరువాత విద్యార్థి పొరపడకుండ మూడు మాటలు చెప్పుట ఉపాధ్యాయుని విధి.

మొదటిది: పరిమితమనగా స్వల్పమని కాదు. కొల్మొగోరోవ్ 1941లో చూపిన మార్గమున సుడులను లెక్కింపవచ్చును. ఐదు మీటర్ల లోతు, సెకనుకు ఒక మీటరు వేగము గల ప్రవాహమును తీసికొన్నచో, ఆ లోతు పరిమాణము గల ఒక్క ఘనములో స్వతంత్ర సంఖ్యలు ఒకటి ప్రక్కన పదిహేను సున్నలు పెట్టినంతకు వచ్చును. ఇది పరిమితమే, కాని అన్ని బద్దలకు సరిపడు వెదురు ఏ అడవిలోను లేదు. వరదమట్టము కావలెనన్నచో కొద్ది చోట్లు చాలును. ప్రతి సుడియు కావలెనన్నచో చాలవు. ఏమి తెలియవలెనో ముందు నిశ్చయించుకొన్న పిమ్మటనే ఎన్ని కొలతలు అను ప్రశ్న పుట్టవలెను.

రెండవది: పరిమితమనగా భవిష్యత్తు చేతికి చిక్కినదని కాదు. 1963లో అమెరికాలో ఎడ్వర్డ్ లోరెంజ్ క్రిందినుండి వేడెక్కు ద్రవము యొక్క చలనమును మూడే మూడు సంఖ్యలకు కుదించి, వాని నడకను యంత్రముపై లెక్కించెను. ఆరంభములో దశాంశ స్థానములలో ఎక్కడనో ఉన్న తేడా కొంతకాలమునకు పెరిగి పెరిగి రెండు నడకలను పూర్తిగా వేరుచేసెను. మూడు సంఖ్యలే యైనను ముందుచూపునకు హద్దు ఏర్పడినది. కావుననే వాతావరణపు జోస్యము కొద్ది దినములకు నమ్మదగినదిగాను, నెలలకు పనికిరానిదిగాను ఉండుట.

మూడవది: పైన చెప్పిన రుజువులు సమతల ప్రవాహమునకు సంబంధించినవి. నిజమైన నదికి లోతు కూడ ఉన్నది. త్రిపరిమాణ ద్రవ సమీకరణమునకు ఎల్లకాలము సజావైన సాధన ఉండునా అనునదే నేటికిని తేలలేదు. 2000లో క్లే గణిత సంస్థ పది లక్షల డాలర్ల బహుమానము ప్రకటించిన ఏడు సమస్యలలో ఇది ఒకటి. ఈ వ్యాసము చదువుచున్న ఏ పాఠశాల విద్యార్థియో దానిని సాధింపరాదన్న నియమమేదియు లేదు.

కుఱ్ఱవానికి జవాబు

మరుసటి వారము అదే రేవులో ఆ పిల్లలకు నేను చెప్పిన జవాబు ఇది. కొలబద్దలు అనంతము అక్కరలేదు, కొన్ని చాలును. ఎన్ని అన్నది నదిని ఎంత బలముగా ఏది కదిలించుచున్నదో, దానిని గూర్చి మీకు ఏమి కావలెనో అన్న రెండింటిపై ఆధారపడును. కాని ఆ 1984 సిద్ధాంతమును జాగ్రత్తగా చదివినచో అందొక షరతు ఉన్నది. కొలతలు కాలము గడచినకొద్దీ విడువక సాగుచుండవలెను. ఒక్కనాటి కొలత, ఎన్ని చోట్ల తీసికొన్నను, అనంతములో చిక్కుకొని యుండును. కొద్దిచోట్లనే యైనను ప్రతిదినము తీసికొన్న కొలత నదిని పట్టుకొనును. స్థలములో మనము విడిచిపెట్టిన దానిని కాలము పూరించును.

దీనిని వినగానే వారికి నిరాశ కలుగునేమో అని నేను సందేహించితిని. ఎందుకనగా దీని అర్థము, ఒకసారి వచ్చి బద్ద పాతి పోవుటవలన ప్రయోజనము లేదని. ఎక్కడనో ఒక లాకువద్దనో వంతెనవద్దనో వానలో గొడుగు పట్టుకొని, గంటగంటకు మట్టము చూచి వ్రాసికొను ఉద్యోగి చేయుచున్న పని, ఫూరియే మొదలు ఫోయాష్ వరకు గల గణితమంతటికి కావలసిన సరకు. అతడు ఒక రాత్రి వ్రాయుట మానినచో ఆ ఖాళీని ఏ సిద్ధాంతమును పూరింపలేదు. 1952లో పాత ఆనకట్టకు గండి పడిన పిమ్మట 1957 నాటికి ఈ బ్యారేజి, 70 గేట్లతో, 1,223 మీటర్ల పొడవున లేచినది. అంత పెద్ద కట్టడమును నడుపువారు కూడ గేటు ఎత్తుటకు ముందు అడుగునది ఒక్కటే: ఎగువ మట్టమెంత?

ప్రశ్న వేసిన కుఱ్ఱవాడు కొంతసేపు మాటాడలేదు. తరువాత నోటుపుస్తకము తెరచి, గత వారము వ్రాసిన ఒక్క అంకె క్రింద గీత గీసి, నెలలోని తేదీలన్నియు వరుసగా వేసికొన్నాడు.

“మాస్టారూ, ఆదివారం కూడా రావాలా అండీ?” అని ప్రక్కవాడు అడిగినాడు.

“నదికి ఆదివారం లేదు కదరా,” అని వాడే జవాబు చెప్పి, నీటిలోనికి దిగి బద్దను సరిచేయసాగినాడు.